సంఘంలో ఒకరి దగ్గర ఒకరు క్షేమంగా ఉండాలంటే ఏం చేయాలి

మా సండే స్కూల్ గది తలుపు నిండు చెక్కది. మూస్తే లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లకు కనిపించేది కాదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు పిల్లల తండ్రి ఒకాయన నా దగ్గరికి వచ్చి, "అక్కా, తప్పుగా అనుకోవద్దు, ఆ తలుపుకి కొంచెం అద్దం పెట్టిస్తే బాగుంటుంది" అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. పన్నెండేళ్లుగా ఆ గదిలో పాఠాలు చెబుతున్నాను, ఇప్పుడు నా మీద అనుమానమా అనిపించింది. రెండు వారాల తర్వాత వడ్రంగి వచ్చి తలుపు మధ్యలో జానెడు వెడల్పున కోసి అద్దం బిగించాడు. ఆ మరుసటి ఆదివారం ఒక తల్లి అటుగా వెళ్తూ అద్దంలోంచి తొంగి చూసి కూతురికి చెయ్యి ఊపింది. ఆ పిల్ల నవ్వి, మళ్లీ బొమ్మకు రంగులు వేసుకోవడంలో పడిపోయింది. ఆ అద్దం పిల్లలతోపాటు నన్ను కూడా కాపాడుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

"మనమంతా ఒకే కుటుంబం, మన మధ్య రూల్స్ ఎందుకు" అనే మాట చాలా సంఘాల్లో వినిపిస్తుంది. కుటుంబం కాబట్టే కావాలంటాను. బయటివాళ్లతో మనం ఆచితూచి ఉంటాం. మందిరంలోకి వచ్చేసరికి ఆ జాగ్రత్తను గుమ్మం బయటే వదిలేస్తాం. హాని చేయాలనుకునేవాడికి కావలసిందీ అదే. కింద రాసినవి వెయ్యిమంది ఉన్న సంఘానికైనా, ఒక ఇంట్లో కూడుకునే పదిహేనుమందికైనా పనికొస్తాయి. మీరు సంఘ పెద్ద కాకపోయినా వీటిలో సగం మీరే మొదలుపెట్టవచ్చు.

1. నోట్‌బుక్ పట్టుకుని ఒకసారి తిరిగి చూడండి

ఇంకొకరిని తోడు తీసుకుని ఒక సాయంత్రం మందిరమంతా తిరగండి. ఏ గది తలుపు మూస్తే లోపల కనిపించదు? తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయి? క్వాయర్ ప్రాక్టీస్ అయ్యాక పిల్లల్ని ఇళ్ల దగ్గర ఎవరు దింపుతున్నారు? యూత్ పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టే పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? కానుకలు లెక్కపెట్టేటప్పుడు ఎంతమంది కూర్చుంటున్నారు?

జవాబులు రాసుకోండి. ఎవరినీ నిలదీయకండి. "అదెప్పుడూ ఆ బ్రదర్ ఒక్కడే చూసుకుంటాడు" అనే జవాబు ఎక్కడ వచ్చిందో అక్కడ గీత గీసుకోండి. ఆ బ్రదర్ చాలా మంచివాడే అయి ఉండవచ్చు. అయినా ఆ "ఒక్కడే" అన్న చోట మార్పు రావాలి.

2. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండేలా చూడండి

యెరూషలేములోని బీదల కోసం సంఘాలు పోగుచేసిన చందా విషయంలో పౌలు ఏం చేశాడో 2 కొరింథీ 8వ అధ్యాయంలో ఉంది. తీతుతోపాటు, సంఘాలు తామే ఎంచుకున్న ఒక సహోదరుణ్ని పంపాడు. మరొకర్ని కూడా జతచేశాడు. ఎవరూ వేలెత్తి చూపకుండా, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సరిగ్గా ఉండాలని అలా చేశామని తనే రాశాడు. అపొస్తలుడికే తోడు అవసరమైనప్పుడు మనకు అవసరం లేదని ఎలా అంటాం?

డబ్బు విషయంలో పాటించిన ఈ పద్ధతినే పిల్లల విషయంలోనూ పాటించండి. క్లాసులో, ప్రాక్టీసులో, రిట్రీట్‌లో ఇద్దరు పెద్దలు ఉండాలి. ఆ ఇద్దరూ భార్యాభర్తలో, అన్నదమ్ములో కాకుండా వేర్వేరు ఇళ్లవాళ్లైతే మేలు. పిల్లను ఒక్కదాన్నే బండి ఎక్కించుకుని వెళ్లకూడదు. తప్పనిసరైతే ముందు తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పాలి. యూత్‌కు మెసేజ్‌లు పెట్టాలంటే తల్లిదండ్రులో, ఇంకో టీచరో ఉన్న గ్రూపులోనే పెట్టాలి. రాత్రి పదకొండింటికి "ప్రార్థన చేసుకున్నావా తల్లీ" అని ఒక పెద్దాయన ఒక పదిహేనేళ్ల అమ్మాయికి మెసేజ్ పెట్టాల్సిన అవసరం ఏ పరిచర్యలోనూ ఉండదు.

కొత్తగా వచ్చినవాళ్లు ఎంత ఉత్సాహం చూపించినా కనీసం ఆరు నెలలు సంఘంలో ఉన్నాకే పిల్లల పని అప్పగించండి. వాళ్ల పాత సంఘానికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: "మీ దగ్గర పిల్లలతో పని చేశారా?", "మళ్లీ మీ పిల్లల్ని వాళ్లకు అప్పగిస్తారా?" రెండో ప్రశ్నకు అవతలివైపు కాసేపు మౌనం వస్తే, ఆ మౌనాన్ని కూడా జవాబుగానే తీసుకోండి. పోలీసు రికార్డు చూసే ఏర్పాటు ఉన్నచోట అదీ చేయించండి. పాస్టర్ గారి తమ్ముడికైనా, సంఘానికి స్థలం ఇచ్చిన కుటుంబానికైనా మినహాయింపు ఇవ్వకండి. ఒక్కరికి ఇస్తే మిగతావాళ్లకు ఆ నియమం అవమానంలా కనిపిస్తుంది.

ఇంకో మాట. పిల్లల మీద కన్నేసినవాడు ముందు పెద్దల మనసు గెలుచుకుంటాడు. అడగకముందే సాయం చేస్తాడు, ఇంటికి వచ్చిపోతుంటాడు, ఒక పిల్లను ప్రత్యేకంగా మెచ్చుకుంటాడు, చిన్న చిన్న బహుమతులు ఇస్తాడు. ఆ తర్వాత "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అంటాడు. అందుకే సండే స్కూల్లో సర్‌ప్రైజ్‌కీ రహస్యానికీ తేడా నేర్పండి. పుట్టినరోజు సర్‌ప్రైజ్ చివరికి అందరికీ తెలుస్తుంది, అందరూ నవ్వుతారు. ఎప్పటికీ ఎవరికీ చెప్పకూడదని ఏ పెద్దవాళ్లైనా అంటే, అది వెంటనే ఇంట్లో చెప్పాల్సిన విషయం. ఐదేళ్ల పిల్లకు కూడా ఈ తేడా తెలుస్తుంది, నేను చెప్పి చూశాను. అలాగే "అంకుల్‌కి షేక్‌హ్యాండ్ ఇవ్వు", "ఆంటీకి ముద్దు పెట్టు" అని బలవంతం చేయకండి. పిల్ల వెనక్కి తగ్గితే తగ్గనివ్వండి. వద్దు అంటే మనం ఆగడం వాళ్లు చూడాలి.

3. ప్రార్థన మనవి ముసుగులో ఒకరి మాట మోయకండి

ఇందులో నా తప్పే చెబుతాను. ఒక చెల్లెలు ఉపవాస ప్రార్థన అయ్యాక నా చెయ్యి పట్టుకుని, తన భర్త ఉద్యోగం పోయిందని, ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదని చెప్పి ఏడ్చింది. నాకు గుండె కరిగిపోయింది. ఆ రాత్రే స్త్రీల గ్రూపులో, పేరు రాయకుండా, "ఒక కుటుంబం కోసం ప్రార్థించండి, భర్త ఉద్యోగం పోయింది" అని పెట్టాను. మా సంఘంలో అలాంటి కుటుంబం ఎవరిదో ఊహించడానికి ఎంతసేపు పడుతుంది? మూడో రోజుకి వాళ్ల అత్తగారు ఆమెనే అడిగిందట. తర్వాతి ఆదివారం ఆ చెల్లెలు నన్ను చూసి "వందనాలు అక్కా" అంది కానీ ఆగలేదు. ఆమె మళ్లీ నా పక్కన కూర్చోవడానికి ఏడాది పట్టింది.

అప్పటినుంచి ఎవరైనా ఏదైనా చెప్పుకుంటే అక్కడికక్కడే అడుగుతున్నాను: "ఇది నా దగ్గరే ఉంచుకోనా? ఎవరికైనా చెప్పి ప్రార్థన చేయించమంటావా? ఎవరికి?" మీరూ అడగండి. చెప్పమన్నవాళ్లకే, చెప్పమన్నంతే చెప్పండి. పాస్టరమ్మకి కూడా అనుమతి లేకుండా చెప్పకండి.

దీనికి ఒక హద్దు ఉంది. ఒక పిల్లకో, పెద్దకో హాని జరుగుతోందని తెలిస్తే, ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే, దాన్ని మీ దగ్గరే దాచిపెట్టుకోకూడదు. అందుకే పిల్ల వచ్చి "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి టీచర్" అన్నప్పుడు ఒట్టు వేయకండి. "నువ్వు క్షేమంగా ఉండటానికి ఎవరికైనా చెప్పాల్సి వస్తే, వాళ్లకు మాత్రమే చెబుతాను. ముందు నీకు చెప్పే చేస్తాను" అనండి. ఆ మాట మీద నిలబడండి.

4. చిన్న గొడవను చిన్నగా ఉన్నప్పుడే తీర్చుకోండి

సోలో ఎవరు పాడాలి, మైకు ఎవరు చూసుకోవాలి, వార్షికోత్సవం కమిటీలో నా పేరెందుకు లేదు. సంఘాలు చీలిన చోట మొదటి గీత ఇలాంటి దగ్గరే పడి ఉంటుంది. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరస అందరికీ తెలిసిందే: ముందు మీరిద్దరే మాట్లాడుకోండి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లండి, ఆ తర్వాతే సంఘానికి చెప్పండి. మనం చేసేది తలకిందులు. ముందు సంఘమంతా తిప్పి, చివరికి అసలు మనిషికి చెబుతాం.

ఎదురుగా కూర్చుని మాట్లాడండి, మెసేజ్‌లో వద్దు. "మీరు ఎప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టకుండా జరిగిన ఒక్క సంగతితో మొదలుపెట్టండి: "పోయిన ఆదివారం అందరి ముందు నా పాట ఆపేశారు. నాకు బాధనిపించింది. ఏమైందో మీ నోటితో వినాలని వచ్చాను." చెప్పాక ఆగండి. అవతలివాళ్లు పూర్తిగా చెప్పనివ్వండి. ఒక్కోసారి కలిసి పనిచేయడం కుదరదు కూడా. మార్కును వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న విషయంలో పౌలు, బర్నబా విడిపోయి చెరో దారి పట్టారు. ఏళ్ల తర్వాత అదే మార్కును తీసుకురమ్మని, అతను పరిచర్యకు తనకు ఉపయోగపడతాడని పౌలు తిమోతికి రాశాడు. విడిపోయినా ఒకరి పేరు ఒకరు పాడుచేసుకోకపోతే తిరిగి కలిసే దారి మిగిలే ఉంటుంది.

ఈ వరస సమానుల మధ్య గొడవలకు మాత్రమే. దెబ్బలు తింటున్న భార్యను "నువ్వొక్కదానివే వెళ్లి మాట్లాడుకో" అని పంపకూడదు. చెడు స్పర్శకు గురైన పిల్లను ఆ మనిషి ముందు కూర్చోబెట్టకూడదు. అదే మత్తయి 18లో, ఈ వరస కంటే ముందే, చిన్నవాళ్లను తొట్రుపరిచేవాడి మెడకు తిరుగలి రాయి కట్టి సముద్రంలో పడేయడం వాడికి మేలని ప్రభువు అన్నాడు. 15వ వచనం చదివేవాళ్లు 6వ వచనం దాటేయకూడదు.

5. పెద్దలను గౌరవిస్తూనే ప్రశ్న అడిగే చోటు ఉంచండి

పాస్టర్ గారిని గౌరవించడం మంచిదే. ఆ గౌరవం ఎక్కడ భయంగా మారుతోందో గమనించండి. ప్రశ్న అడిగినవాళ్లను "తిరుగుబాటు ఆత్మ" అంటున్నారా? పెళ్లి, ఉద్యోగం, ఆస్తి విషయాల్లో "దేవుడు నాకు చెప్పాడు" అని మీ బదులు నిర్ణయం తీసుకుంటున్నారా? సొంత అన్నదమ్ములతో మాట్లాడొద్దంటున్నారా? ఒక స్త్రీని కౌన్సెలింగ్ పేరుతో మూసిన గదిలో, ఎవరికీ తెలియకుండా, మళ్లీ మళ్లీ కలుస్తున్నారా? వీటిలో ఒక్కటి కనిపించినా నమ్మకమైన ఇంకొకరితో మాట్లాడండి. మీరు సంఘ ద్రోహం చేస్తున్నట్టు కాదు. మందను అధికారంతో ఏలవద్దని, మాదిరిగా ఉండమని పేతురే పెద్దలకు రాశాడు.

పెద్ద మీద ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా నేరారోపణ తీసుకోవద్దని 1 తిమోతి 5:19 చూపిస్తారు. ఆ తర్వాతి వచనం కూడా చదవమనండి. పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించమని ఉంది. పైగా సంఘం క్రమశిక్షణకు ఆ నియమం. నేరం విషయంలో పోలీసులకు చెప్పడానికి సాక్షులు పోగయ్యేదాకా ఆగనక్కరలేదు.

పాస్టర్ గారి వైపు నుంచి కూడా ఆలోచించండి. అందరి బాధలూ వినే మనిషికి తన బాధ చెప్పుకునే చోటు ఉండదు. వారంలో ఒక రోజు ఆయనకు ఎవరూ ఫోన్ చేయకూడదని నిర్ణయించండి. సంఘం బయట, ఆయన మీద ఆధారపడని ఒక సీనియర్ పాస్టర్‌తో నెలకోసారి మనసు విప్పి మాట్లాడుకునే ఏర్పాటు చేయండి. అలసిపోయి ఒంటరిగా మిగిలిన కాపరిని అలా వదిలేయడం ఆయనకూ సంఘానికీ ప్రమాదమే.

6. ఎవరైనా వచ్చి తమకు జరిగింది చెబితే

ఈ భాగాన్ని ప్రింట్ తీసి టీచర్లందరికీ ఇవ్వండి. ఆ సమయం వచ్చినప్పుడు మనకు టెన్షన్‌లో ఏదీ గుర్తురాదు.

చేస్తున్న పని ఆపి వినండి. ముఖంలో షాక్ కనిపించనివ్వకండి. మీరు భయపడితే పిల్ల అక్కడితో ఆపేస్తుంది. "నిజమేనా?", "నువ్వెందుకు వెళ్లావు?", "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడగకండి. ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 వరకు పనిచేసిన రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ బృందం, సంస్థల్లో చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్ల మాటలు వేల సంఖ్యలో విన్నది. వాళ్లు మొదటిసారి ఎవరికైనా చెప్పడానికి సగటున దాదాపు 24 ఏళ్లు పట్టింది. కాబట్టి మీ ముందు కూర్చున్న మనిషి ఇన్నాళ్లకు చెప్పిందంటే ఎంత ధైర్యం కూడగట్టుకుని వచ్చి ఉంటుందో చూడండి.

"నువ్వు చెప్పి మంచి పని చేశావు. ఇందులో తప్పు నీది కాదు." ఈ రెండు మాటలు చాలు. వివరాలు తవ్వకండి, అది శిక్షణ పొందినవాళ్ల పని. అదే రోజు విన్నది విన్నట్టు, వాళ్ల మాటల్లోనే, తేదీ వేసి రాసిపెట్టండి. ఆరోపణ ఉన్న మనిషికి ఫోన్ చేసి "ఏంటి బ్రదర్ ఇది" అని అడగకండి. అడిగితే సాక్ష్యం చెరిగిపోతుంది, బాధితుల మీద ఒత్తిడి మొదలవుతుంది. పిల్లల విషయమైతే ఆ రోజే పోలీసులకో, పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగానికో చెప్పండి. చాలా దేశాల్లో అలా చెప్పకపోవడం కూడా నేరమే. పెద్దవాళ్ల విషయమైతే ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. ప్రాణాపాయం లేదా పిల్లలకు ప్రమాదం ఉంటే తప్ప ఆ నిర్ణయం వాళ్ల చేతుల్లోంచి లాక్కోకండి. తోడుగా వెళ్లండి. విచారణ తేలేదాకా ఆ మనిషిని పరిచర్యలన్నిటినుంచీ పక్కన పెట్టండి. అది ఇంకా తీర్పు కాదని, జాగ్రత్త అని ఇరువైపులవాళ్లకూ చెప్పండి.

"సంఘంలోనే తేల్చుకుందాం, పరువు పోతుంది" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. తేల్చుకుందామనుకున్న చోట ఏమైందో చూపించండి. 1950 నుంచి ఫ్రాన్స్‌లో కథోలిక గురువులు, సన్యాసుల చేతిలో హింసకు గురైన పిల్లలు సుమారు 2,16,000 మంది ఉంటారని అక్కడి స్వతంత్ర కమిషన్ 2021 అక్టోబర్‌లో అంచనా వేసింది. ఇంగ్లండ్‌లో, క్రైస్తవ శిబిరాల్లో అబ్బాయిలను హింసించిన ఒక వ్యక్తి గురించి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు అప్పటి పెద్ద అయిన ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీకి 2013లో తెలిసింది. అప్పుడే పోలీసులకు చెప్పి ఉండాల్సిందని స్వతంత్ర నివేదిక తేల్చింది. ఆయన 2024 నవంబర్‌లో పదవి వదులుకుంటున్నట్టు ప్రకటించారు. బైబిల్లోనే ఉంది: దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును చెరిచాక, ఆమె సొంత అన్న అబ్షాలోము ఆమెతో "ఊరుకో, వాడు నీ అన్న" అన్నాడు. దావీదు రాజు విని కోపగించుకున్నాడు, అంతకుమించి ఏమీ చేయలేదు. రెండేళ్లకు అబ్షాలోము అమ్నోనును చంపించడంతో ఆ ఇంట్లో శవం లేచింది.

7. క్షమించమని తొందరపెట్టకండి

"క్షమించేయమ్మా, ప్రభువు చూసుకుంటాడు" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో! ఆ మాట విన్న మనిషికి "ఇంక దీని గురించి మాట్లాడకు" అన్నట్టు వినిపిస్తుంది. ఏడుస్తూ వచ్చిన భార్యకు "కాస్త తగ్గి ఉండు" అని చెప్పి మళ్లీ అదే ఇంటికి పంపిస్తాం.

పెద్దల తప్పు ఎత్తితే కొందరు వాడే "దేవుని అభిషిక్తుణ్ని ముట్టకూడదు" అన్న మాట దావీదుదే. అదే దావీదు 1 సమూయేలు 26లో ఏం చేశాడో చూడండి. తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజు నిద్రపోతుంటే, అతని తలదగ్గరున్న ఈటె, నీళ్లబుడ్డి తీసుకుని, చంపకుండా వదిలేసి, దూరంగా కొండ శిఖరం మీదికి వెళ్లి నిలబడ్డాడు. మధ్య చాలా ఎడం ఉందని రాసి ఉంది. అక్కడినుంచి అందరూ వినేలా సౌలు తప్పు చెప్పాడు. సౌలు కరిగిపోయి "నేను పాపం చేశాను, తిరిగి రా నాయనా, ఇక నీకు కీడు చేయను" అన్నాడు. దావీదు వెళ్లలేదు. "ఇదిగో రాజా నీ ఈటె, పనివాళ్లలో ఒకణ్ని పంపి తెప్పించుకో" అన్నాడు. పగ తీర్చుకోలేదు, ఈటె తిరిగి ఇచ్చేశాడు, కానీ ఆ ఈటె అందే దూరంలోకి మాత్రం రాలేదు.

దెబ్బ తిన్న మనిషికి ఈ అధ్యాయం చదివి వినిపించండి. క్షమించాలా, ఎప్పుడు క్షమించాలి అన్నది ఆ మనిషికీ దేవునికీ మధ్య విషయం. దూరంగా ఉండే హక్కు మాత్రం మొదటిరోజు నుంచే ఉంది. తప్పు చేసినవాడు మారానంటే సంతోషం. నిజంగా మారినవాడు పిల్లల గదిలోకి వెళ్లనివ్వమని పట్టుబట్టడు.

8. ఎవరికి చెప్పాలో గోడ మీద రాసిపెట్టండి

అపొస్తలుల కార్యములు 6లో, రోజువారీ పంపకంలో తమ విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు "సణగడం పాపం" అనలేదు. ఏడుగురిని ఏర్పాటు చేసుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, అందరివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపు పేర్లున్నవాళ్ల చేతికే పని వెళ్లింది.

మీ సంఘంలోనూ కనీసం ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు తప్పకుండా స్త్రీ అయి ఉండాలి, ఇద్దరిలో ఒక్కరైనా పాస్టర్ గారి కుటుంబం బయటివాళ్లు కావాలి. సంవత్సరానికి ఒకసారి ఆరాధనలో వాళ్లను నిలబెట్టి, "మీకు ఏ ఇబ్బంది వచ్చినా, అది మా గురించైనా సరే, వీళ్లకు చెప్పవచ్చు" అని పాస్టర్ గారి నోటితోనే చెప్పించండి. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, మీ ప్రాంతపు పిల్లల హెల్ప్‌లైన్, మహిళల హెల్ప్‌లైన్ నంబర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఒక కాపీ నోటీసు బోర్డు మీద, ఇంకొకటి సండే స్కూల్ గదిలో పిల్లల కంటికి అందే ఎత్తులో అంటించండి. మూడోది బాత్రూమ్ తలుపుకి లోపలివైపు అంటించండి. అక్కడైతే ఎవరి కంటా పడకుండా నంబర్ రాసుకోవచ్చు.